ప్యాడ్లు మార్చాకే ఇలా అయింది

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎవరి బండికి ఏ జబ్బు చేసినా ఆ కబురు చివరికి నా దగ్గరికి వస్తుంది. నేను మెకానిక్‌ని కాదు. ఆదివారం పూట పానాలు ముందేసుకుని నా బండి దగ్గర కూర్చునే అలవాటు ఉంది, అంతే. పోయిన నెల మూడో అంతస్తు కుర్రాడు దిగొచ్చి, "అంకుల్, ముందు బ్రేక్ ప్యాడ్లు కొత్తవి వేయించా. అప్పట్నుంచీ బ్రేకు సరిగ్గా పట్టట్లేదు. డూప్లికేట్ అంటగట్టినట్టున్నాడు," అన్నాడు. అంతకు ముందు మా ఆఫీసులో ఒకాయనది దీనికి తలకిందుల గోల. ఆయన బండికి ప్యాడ్లు మార్చాక బ్రేకు పట్టేసి వదలట్లేదట. ఇంకొకావిడ స్కూటర్ ప్యాడ్లు మార్చిన రోజు నుంచీ వీధి మొత్తానికి వినపడేలా కీచుమంటోందట. ముగ్గురి బాధలూ వేరు గానీ ముగ్గురి తీర్పూ ఒకటే. ప్యాడ్లు మార్చాకే ఇలా అయింది, కాబట్టి తప్పు ప్యాడ్లదే.

ఈ తీర్పు నేను ఒప్పుకోను. మార్కెట్లో దొంగ సరుకు లేదని కాదు, కావలసినంత ఉంది. అయినా ప్యాడ్లు మార్చాక మొదలయ్యే తంటాల్లో చాలావాటికి ప్యాడ్లతో సంబంధమే ఉండదు. పాత ప్యాడ్లు మెల్లమెల్లగా అరుగుతుంటే మన చెయ్యి కూడా మెల్లమెల్లగా అలవాటు పడిపోతుంది. చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ని ప్యాడ్లతో నొక్కిపట్టేది క్యాలిపర్. దాని లోపల పట్టిన జబ్బు ఆ అలవాటు చాటున దాక్కుంటుంది. కొత్తవి వేసిన రోజున అది ఒక్కసారిగా బయటపడుతుంది. లేదంటే, వేసేటప్పుడు మనమే ఏదో కదిలించి కొత్త జబ్బు తెచ్చిపెట్టుకుంటాం. ఈ రెండో రకం గురించి నాకు బాగా తెలుసు. శ్రీశైలం వెళ్తూ వినుకొండ దాటాక రోడ్డు పక్కన మూడు గంటలు ఎండలో నిలబడి నేర్చుకున్నాను. అక్కడికి వస్తాను.

మా తరానికి బ్రేకంటే నట్టు. నాన్న బండికి వెనక చక్రం దగ్గర సన్నటి రాడ్డు, దాని చివర ఒక నట్టు ఉండేవి. బ్రేకు కిందికి దిగిపోతోందంటే ఆ నట్టు రెండు చుట్లు బిగించేవాడు, అయిపోయేది. పానా కూడా అక్కర్లేదు, చేత్తోనే తిరిగేది. ఆ అలవాటు మనల్ని ఇంకా వదల్లేదు. డిస్క్ బ్రేకు బండి తీసుకెళ్లి కూడా "కొంచెం టైట్ చెయ్యన్నా" అంటాం. టైట్ చేయడానికి అక్కడ నట్టు ఉంటే కదా! మొహమాటానికి మెకానిక్ ఏదో ఒకటి కదిపి పంపిస్తాడు.

డిస్క్ బ్రేకు తనను తానే సర్దుకుంటుంది. ఎలాగో తెలిస్తే సగం తంటాలు వాటంతట అవే అర్థమవుతాయి. క్యాలిపర్‌లో ప్యాడ్‌ని నెట్టే పిస్టన్ చుట్టూ ఒక రబ్బరు సీలు ఉంటుంది. దాన్ని అడ్డంగా కోసి చూస్తే గాజులా గుండ్రంగా కాక పలకగా ఉంటుంది. లివర్ నొక్కినప్పుడు పిస్టన్ ముందుకు జరుగుతుంది, సీలు దాన్ని పట్టుకునే ఉండి కాస్త మెలితిరుగుతుంది. లివర్ వదలగానే ఆ మెలి విప్పుకుంటూ పిస్టన్‌ని వెనక్కి లాగుతుంది. ఎంత? మిల్లీమీటరులో ఏ పదో వంతో. ప్యాడ్‌ని డిస్క్ నుంచి విడదీసేది ఆ వెంట్రుకవాసి జరుగుడే. మరో స్ప్రింగు లేదు, మరో నట్టు లేదు. ప్యాడ్ అరిగే కొద్దీ పిస్టన్ సీలులోంచి కొంచెం కొంచెం జారి ముందుకొచ్చి స్థిరపడుతుంది. దాని వెనక ఖాళీ అయిన చోటులోకి పైన లివర్ దగ్గరి డబ్బాలోంచి బ్రేక్ ఆయిల్ దిగుతుంది.

అంటే ప్యాడ్లు అరిగినప్పుడు పై డబ్బాలో లెవెల్ తగ్గడం రోగం కాదు, లెక్క ప్రకారం తగ్గాల్సిందే. ఇది గుర్తుపెట్టుకోండి, వినుకొండ కథలో పనికొస్తుంది.

ఇప్పుడు కొత్త ప్యాడ్లు వేయాలి. అవి మందంగా ఉంటాయి కాబట్టి ముందుకొచ్చేసిన పిస్టన్‌ని వెనక్కి నొక్కాలి. ఇన్నాళ్లూ బయటికి పొడుచుకొచ్చి ఉన్న ఆ పిస్టన్ ఒంటినిండా బ్రేకు పొడి, బురద, వానాకాలపు తుప్పు ఉంటాయి. పది నిమిషాల పనిలో ఏం జరుగుతుందంటే, పెద్ద స్క్రూడ్రైవర్ దోపి ఆ మురికితో సహా పిస్టన్‌ని సీలులోకి తోసేస్తారు. మెలితిరిగి విప్పుకోవలసిన సీలు ఇప్పుడు గరుకు పొడి మధ్య ఇరుక్కుంది. పిస్టన్ ముందుకైతే వస్తుంది, ఎందుకంటే లివర్ బలం పెద్దది. వెనక్కి రాదు, ఎందుకంటే సీలు బలం చిన్నది. బ్రేకు పట్టేస్తోందంటూ మళ్లీ షాపుకి వెళ్తాం. "కొత్త ప్యాడ్లు కదా, తిరగంగా తిరగంగా సెట్ అయిపోద్ది" అంటారు. ఒక్కోసారి నిజంగానే సెట్ అవుతుంది, అంటే ఇరుక్కున్న ప్యాడ్ అరిగిపోతుంది. మన డబ్బులే అరిగాయన్నమాట.

చేయాల్సిన పని పెద్దదేం కాదు. క్యాలిపర్ విప్పాక, పాత ప్యాడ్లు తీయకముందే లివర్ జాగ్రత్తగా ఒకట్రెండు సార్లు నొక్కి పిస్టన్‌ని కాస్త బయటికి రప్పించాలి. మరీ నొక్కితే పిస్టన్ ఊడి చేతిలో పడుతుంది, పక్కన పిల్లలుంటే లివర్ ముట్టుకోనివ్వకండి. పాత టూత్ బ్రష్షు, సబ్బు నీళ్లు పెట్టి చుట్టూ రుద్దాలి. పిస్టన్ మెరిశాక తుడిచి, బొటనవేళ్లతో మెల్లగా నొక్కాలి. వేళ్లతో వెళ్లని పిస్టన్ ఉంటే అదే మన రోగి.

వేళ్లతో నొక్కేశాం, ప్యాడ్లు వేశాం, బోల్టులు బిగించాం. ఇక్కడే నేను మొదటిసారి చేసిన ఘనకార్యం చెప్పాలి. బండి స్టాండ్ తీసి, ఎక్కి కూర్చుని, సెల్లార్ ర్యాంపు పైనుంచి కిందికి వదిలాను. కింద మలుపు దగ్గర బ్రేకు నొక్కితే లివర్ వెన్నలోకి కత్తి దిగినట్టు దిగి గ్రిప్పుకి ఆనింది. బండి ఆగలేదు. వెనక బ్రేకు గుర్తొచ్చేలోపు వాచ్‌మన్ కుర్చీని గోడకేసి గుద్దేశాను. అదృష్టం, అతను అప్పుడే టీకి వెళ్లాడు. కుర్చీ కొనిచ్చాను.

జరిగింది ఇదీ. పిస్టన్‌ని లోపలిదాకా తోసేశాం కదా, అది మళ్లీ ప్యాడ్‌ని తాకేదాకా ముందుకు రావాలి. ఒక్క నొక్కుకి అంత దూరం రాలేదు. అందుకే బండి స్టాండ్ మీద ఉండగానే లివర్ పదీ పదిహేను సార్లు నొక్కి వదలాలి, గట్టిపడేదాకా. ప్యాడ్లు మార్చాక చేయాల్సిన పనుల్లో దేన్నైనా మర్చిపోండి గానీ దీన్ని మాత్రం మర్చిపోకండి. షాపులో వేయించినా సరే, బండి ఎక్కే ముందు లివర్ మీరే నొక్కి చూసుకోండి. నాలాగే మెకానిక్ కూడా మర్చిపోగలడు.

పదిహేను సార్లు నొక్కినా లివర్ స్పాంజిలా మెత్తగానే ఉందనుకుందాం. ఎక్కడికెళ్లినా ఒకటే మాట: "గాలి చేరింది, ఎయిర్ తీయాలి." నాకు ఇక్కడ పేచీ ఉంది. ప్యాడ్లు మాత్రమే మార్చినప్పుడు ఆయిల్ దారి ఎక్కడా విప్పలేదు. పైపు విప్పలేదు, క్యాలిపర్ మీద గాలి తీయడానికి ఉండే నిపుల్ వదులు చేయలేదు. మరి గాలి ఏ దారిన వచ్చింది? ముందు నుంచే ఉండి ఉండాలి, లేదా మనమే ఏదో తప్పు పని చేసి ఉండాలి. గాలి తీయడం మొదలుపెట్టే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. ప్యాడ్ వెనక రేకు తన గాడిలో సరిగ్గా కూర్చుందా? ప్యాడ్ స్ప్రింగు రేకు ఎక్కడైనా ఒంగి అడ్డం పడిందా? క్యాలిపర్ జారే పిన్నులు కదులుతున్నాయా?

మామూలు బండ్ల క్యాలిపర్‌కి పిస్టన్ ఒక వైపే ఉంటుంది. అది తన వైపు ప్యాడ్‌ని నొక్కాక క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి అవతలి ప్యాడ్‌ని కూడా లాక్కొస్తుంది. పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోతే క్యాలిపర్ జారదు. పిస్టన్ ఒంటరిగా డిస్క్‌నే ఒక పక్కకి వంచుతూ ఉంటుంది. ఆ వంపే మన చేతికి మెత్తదనంలా తెలుస్తుంది. ఎన్నిసార్లు గాలి తీసినా పోదు. డిస్క్ అంచున పాత ప్యాడ్ వదిలిన గట్టు ఉన్నా ఇంతే. కొత్త ప్యాడ్ పలకగా ఉండి ఆ గట్టు మీద ఎక్కి కూర్చుంటుంది, అదీ స్పాంజిలాగే అనిపిస్తుంది. డిస్క్ కనీసం ఎంత మందం ఉండాలో డిస్క్ మీదే చెక్కి ఉంటుంది. గట్టు పెద్దదై మందం ఆ అంకెకి చేరిందంటే ఎంత మంచి ప్యాడ్లు వేసినా దండగ.

అందుకే పాత ప్యాడ్లు పారేయొద్దని అందరికీ చెబుతుంటాను. ఎక్స్‌రే తీయించుకుని ఫిల్ము అక్కడే వదిలేసి వస్తామా? పిస్టన్ వైపు ప్యాడ్ రేకు దాకా అరిగి, అవతలిది సగం మిగిలి ఉంటే పిన్నులు బిగుసుకున్నాయని దాదాపు రాసిచ్చినట్టే. ఒకే ప్యాడ్ ఒక చివర మందంగా, ఇంకో చివర పల్చగా ఉంటే క్యాలిపర్ వంకరగా నడిచింది. మొహం అద్దంలా మెరుస్తుంటే మాడింది. నా దగ్గర ఒక బిస్కెట్ డబ్బా నిండా పాత ప్యాడ్లున్నాయి. వెనక మార్కర్‌తో తేదీ, కిలోమీటర్లు రాసి పెడతాను. మా ఆవిడ దాన్ని నా అస్థికల డబ్బా అంటుంది.

గాలి నిజంగానే ఉన్నప్పుడు ఒక చిట్కా అందరూ చెబుతారు: రాత్రంతా లివర్‌ని గ్రిప్పుకి ట్యూబు ముక్కతో కట్టేసి ఉంచమని. తెల్లారేసరికి లివర్ గట్టిగానే ఉంటుంది. సన్న బుడగలు పైకి చేరతాయి, అది అబద్ధం కాదు. నేనూ కట్టాను. కానీ పొద్దున్నే వచ్చిన ఆ గట్టిదనం చూసి ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్లంటే నాకు భయం. బుడగ ఎలా చేరిందో తేలకుండా అది పైకి వెళ్లిందని సంబరపడితే ఎలా? పద్ధతిగా నిపుల్‌కి పైపు తగిలించి, సీసాలో కొత్త ఆయిల్ పోసి దాంట్లో పైపు చివర ముంచి, బుడగలు ఆగేదాకా తీయడం అరగంట పని. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకేసినా చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి అయింది కదా. ఆ ఏబీఎస్ డబ్బాలో గాలి చేరితే మాత్రం ఈ సీసా విద్య చాలకపోవచ్చు, కంప్యూటర్ తగిలించి తీయాల్సి రావచ్చు. కాబట్టి ఆ బండ్లకి పై డబ్బా ఖాళీ కానివ్వకుండా చూసుకోవడమే మేలు.

ఇక వినుకొండ.

శివరాత్రికి ముందు, మా బావమరిదీ నేనూ విజయవాడ నుంచి బండి మీద శ్రీశైలం బయల్దేరాం. నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకం, దోర్నాల మీదుగా వెళ్లాలన్నది మా లెక్క. ముందు ఆదివారమే ప్యాడ్లు నేనే మార్చాను, పిస్టన్ కడిగాను, లివర్ పదిహేను సార్లు నొక్కాను. అన్నీ సక్రమం అని ధీమా. నరసరావుపేట దాటాక బండి బరువెక్కినట్టయింది. వెనక నుంచి వాడు "బావా, బండి లాగట్లేదు, పెట్రోల్‌లో నీళ్లు కలిపినట్టున్నారు" అన్నాడు. టీ కోసం ఆగాం, మళ్లీ ఎక్కితే బండి హాయిగా పోయింది. ఇంకేం, పెట్రోల్ బంకువాణ్ణి ఇద్దరం కలిసి తిట్టుకున్నాం. వినుకొండ దాటిన కాసేపటికి మళ్లీ అదే బరువు, ఈసారి కాలిన వాసన కూడా. దిగి నెడితే బండి కదల్లేదు. ముందు చక్రం పాతేసినట్టుంది. వాడు వాటర్ బాటిల్ తీసి డిస్క్ మీద పోయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను, అప్పటికే ఒక చుక్క పడింది. పెనం మీద దోసెకి ముందు నీళ్లు చిలకరించినట్టు చుయ్‌మంది. కాలిన డిస్క్ మీద నీళ్లు పోస్తే అది వంకరపోయే ప్రమాదం ఉంది.

నెట్టడానికి వీల్లేదు కాబట్టి చల్లారేదాకా కూర్చున్నాం. చల్లారగానే చక్రం తిరిగింది. కిలోమీటరున్నర దూరంలో పంచరు షాపు దాకా నడిపించుకుంటూ వెళ్లాం. ఒక పెద్దాయన, బనియను మీద ఉన్నాడు. ప్యాడ్లు డూప్లికేట్ అయి ఉంటాయా అని నేనే అడిగాను. నవ్వుకోకండి, ఆ రోజు నేనూ ఆ మాటే అన్నాను.

ఆయన జవాబివ్వకుండా బండి ఎక్కి స్టార్ట్ చేసి, ముందు బ్రేకు సగం నొక్కి పట్టుకుని షాపు ముందు అటూ ఇటూ నాలుగు రౌండ్లు కొట్టాడు. వేడెక్కి మళ్లీ పట్టేసింది. దిగి, 8 నంబరు పానా తెచ్చి క్యాలిపర్ నిపుల్‌ని పావు చుట్టు వదిలాడు. డికాక్షన్ రంగు ఆయిల్ పిచికారీలా ఎగిరి ఆయన పాత గుడ్డ మీద పడింది. చక్రం చేత్తో తిప్పితే గిర్రున తిరిగింది.

"సూశారా? పట్టుకుంది కింద కాదయ్యా, పైన," అన్నాడు.

నేను డిస్క్ బ్రేకు గురించి నేర్చుకున్న గొప్ప పాఠం ఆ పావు చుట్టు. నిపుల్ వదలగానే చక్రం వదిలిందంటే ఆయిల్ ఒత్తిడి లోపల బందీ అయింది, వెనక్కి పోయే దారి మూసుకుపోయింది. నిపుల్ వదిలినా చక్రం వదల్లేదంటే ఒత్తిడి లేదు, పిస్టనో పిన్నులో బిగుసుకున్నాయి. ఒక్క పానాతో సగం అనుమానాలు కొట్టేయొచ్చు. కొత్త ప్యాడ్లు, కొత్త డిస్క్, కొత్త క్యాలిపర్ అంటూ వేల రూపాయలు తగలేసే ముందు ఇది చేసే షాపులు ఎన్ని ఉన్నాయి?

తర్వాత పైడబ్బా మూత విప్పాడు. ఆయిల్ అంచు దాకా నిండి ఉంది, రబ్బరు పొర కూర్చోవడానికి కూడా చోటు లేదు. ఆరు నెలల క్రితం ఒక సర్వీసింగ్‌లో "లెవెల్ తగ్గింది సార్" అని నింపి ఇచ్చారు. నేనూ సంతోషించాను. ప్యాడ్లు అరిగి తగ్గిన లెవెల్ అది. నేను కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్ వెనక్కి తోసేసరికి కింది ఆయిలంతా పైకి చేరి డబ్బా పొర్లే స్థితికి వచ్చింది. తోసేటప్పుడు మూత తీసి చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆయన కొంత ఆయిల్ తోడేసి లివర్‌ని వేలితో అతి మెల్లగా నొక్కుతూ, "ఇక్కడ సూడండి" అన్నాడు. డబ్బా అడుగున రెండు చిల్లులుంటాయి, ఒకటి పెద్దది, ఒకటి సూది మొన అంత. లివర్ కదలడం మొదలవగానే ఆ చిన్న చిల్లులోంచి ఆయిల్ చిన్న ఊటలా పైకి చిమ్మాలట. నా దాంట్లో చిమ్మలేదు, అలికిడే లేదు. పాత క్లచ్ కేబుల్ తెంపి, అందులోంచి ఒక్క సన్న పోగు తీసి ఆ చిల్లులో గుచ్చి ఆడించాడు. గోధుమరంగు జెల్లీ లాంటి ముద్ద తేలింది, గోటి మీద పెడితే ఆవగింజంత. మళ్లీ లివర్ కదిపాడు. ఊట వచ్చింది.

లివర్ వదిలాక, వేడికి ఆయిల్ ఉబ్బినప్పుడు, అదనపు ఆయిల్ తిరిగి డబ్బాలోకి పోవాల్సింది ఆ చిల్లు గుండానే. అది మూసుకుపోతే ప్యాడ్లు రాసుకుని వేడెక్కుతాయి, వేడికి ఆయిల్ ఉబ్బుతుంది, ఉబ్బితే ప్యాడ్లు ఇంకా బిగుస్తాయి. చల్లారితే అన్నీ మామూలే. పెట్రోల్ బంకువాడు నిర్దోషి.

మరి జెల్లీ ఎక్కడిది? నాలుగేళ్ల ఆయిల్‌ది. మురికంతా కింద క్యాలిపర్‌లో అడుగున చేరుతుంది. పిస్టన్‌ని వెనక్కి నొక్కినప్పుడు ఆ అడుగు మడ్డినంతా పైపు వెంట పైకి, సరిగ్గా ఆ సూదిబెజ్జం దగ్గరికి నేనే పంపించాను. ప్యాడ్లు మార్చాకే ఇలా అయింది, నిజమే. చేసింది మాత్రం నా బొటనవేళ్లు. ఇప్పుడు నేను పిస్టన్ నొక్కేటప్పుడు నిపుల్‌కి పైపు తగిలించి కాస్త వదులు చేస్తాను. మురికి ఆయిల్ పైకి పోకుండా అటే సీసాలోకి పోతుంది. నొక్కుడు ఆపకముందే నిపుల్ బిగించాలి, లేకపోతే గాలి పీల్చుకుంటుంది.

బావమరిది ఆటోలో వినుకొండ వెళ్లి డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ సీసా తెచ్చాడు. పాతదంతా పోయేదాకా కొత్తది పోసి తీశాడాయన. మజూరీ 150 అడిగితే 300 ఇచ్చాను, 50 వెనక్కి ఇచ్చేశాడు.

ఈ బ్రేక్ ఆయిల్ అన్న పేరే మనకు చేటు తెచ్చింది. అది ఆయిల్ కాదు. డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ జాతి ద్రవాలు. గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ 3.7 శాతం పట్టాక ఆ గీత 155కి దిగిపోతుంది. ఘాట్‌లో దిగుతూ బ్రేకు మీదే ఆధారపడితే పాత ద్రవం మరిగి ఆవిరి బుడగలొస్తాయి, లివర్ గ్రిప్పుకి ఆనుతుంది. రెండేళ్లకోసారి మార్చమని అందుకే అంటారు. "ఆయిల్" అన్నారు కదా అని ఇంజిన్ ఆయిల్ పోసినవాళ్లని చూశాను. లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి, ఇక మొత్తం విప్పాల్సిందే. పిన్నులకి చక్రాల గ్రీజు పూసేవాళ్లదీ అదే తప్పు, అక్కడ రబ్బరుకి పడే సిలికాన్ గ్రీజే పూయాలి. ఇంకోటి, డాట్ 5 అంటే డాట్ 4 కన్నా ఒక మెట్టు ఎక్కువ కాబోలు అని కొనకండి. అది సిలికాన్ ద్రవం, పాతదానితో కలవదు. గ్లైకాల్ జాతిలో పై మెట్టు డాట్ 5.1. పేర్లు పెట్టినవాళ్లెవరో గానీ మన ప్రాణాలతో ఆడుకున్నారు.

కీచుమనే స్కూటర్ సంగతి క్లుప్తంగా. డిస్క్ బ్రేకు పుట్టుకే ఆ అరుపుతో పుట్టింది. 1902లో ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజినీరు డిస్క్ బ్రేకుకి పేటెంటు తీసుకున్నప్పుడు ప్యాడ్లకి రాగి వాడాడు. అది భరించలేనంతగా కీచుమనేది. తర్వాత ఫ్రూడ్ అనే ఆయన ఆస్బెస్టాస్ లైనింగ్ వేయించాకే ఆ గోల తగ్గింది. ఆ ఆస్బెస్టాస్ ఇంకో పాపం, అది వేరే కథ. కొత్త ప్యాడ్లు నాలుగు రోజులు అరిస్తే కంగారు అక్కర్లేదు. లివర్ గట్టిగా ఉండి, చక్రం చేత్తో తిప్పితే సన్నగా రాసుకుంటూ అయినా ఒకట్రెండు చుట్లు తిరుగుతుంటే పర్వాలేదు. అరుపు ఆగకపోతే ప్యాడ్ వెనక విడిగా ఉండాల్సిన సన్న రేకు పాత ప్యాడ్లతో పాటే చెత్తలోకి పోయిందేమో చూడండి. ఆవిడ స్కూటర్‌కి అదే అయింది.

ఇక్కడ మెకానిక్‌ల తరఫున కూడా ఒక మాట అనాలి. మనం వెళ్లేది సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి పోతూ. ఇంజిన్ ఆపకుండానే "పది నిమిషాల్లో అవుద్దా?" అంటాం. ప్యాడ్లకి ఇచ్చే డబ్బులో సగం కూడా చేతిపనికి ఇవ్వడానికి మనసొప్పదు. పిన్నులు తీసి గ్రీజు పెట్టి, పిస్టన్ కడిగి, ఆయిల్ మార్చాలంటే గంటన్నర. "ప్యాడ్లు మార్చడానికి గంటన్నరా, దోచుకుంటున్నాడు" అనేది మనమే. పది నిమిషాల బేరం పెట్టింది మనం. ఆ బేరానికి తగ్గట్టే వాళ్లు స్క్రూడ్రైవర్ తీస్తారు. అయితే ఈ సానుభూతికి నా దగ్గర ఒక హద్దు ఉంది. గంటన్నర పని అడగని కస్టమర్‌కైనా, "లివర్ నొక్కి చూసుకుని ఎక్కండి" అని చెప్పడానికి అర నిమిషం చాలు. అది చెప్పని షాపుకి నేను రెండోసారి వెళ్లను.

మూడో అంతస్తు కుర్రాడి బండి దగ్గరికొద్దాం. లివర్ నొక్కాను, రాయిలా ఉంది. గాలి లేదు. చక్రం తిరుగుతోంది. పట్టు మాత్రం లేదు, లివర్ ఎంత నొక్కినా బండి బద్ధకంగా ఆగుతోంది. కొత్త ప్యాడ్లు ఒదగడానికి మొదట రెండు మూడు వందల కిలోమీటర్లు పడుతుంది. ఈలోగా 50 వేగం నుంచి మామూలుగా, మరీ గట్టిగా కాకుండా, మధ్యమధ్య చల్లారనిస్తూ పదీ ఇరవై సార్లు తగ్గించుకుంటూ వస్తే డిస్క్ మీద ప్యాడ్ పొర సమంగా పడుతుంది. వాడు అప్పటికే 400 తిరిగాడు. తెల్ల టిష్యూ తీసుకుని డిస్క్ మీద ఒక్క రుద్దు రుద్దాను. నల్లగా, జిడ్డుగా వచ్చింది. వాసన చూస్తే తెలిసిపోయింది.

"ప్యాడ్లు వేసిన రోజే వాటర్ సర్వీసింగ్ చేయించావా?"

"అవును అంకుల్. ఆఫర్ ఉంది. చివర్లో మెరుపు కోసం పాలిష్ కూడా కొట్టారు."

టైర్లకీ ఇంజిన్‌కీ కొట్టే ఆ పాలిష్ తుంపర, కొన్నిచోట్ల డీజిలే కొడతారు, డిస్క్ మీద కూడా పడుతుంది. ఇంకా ఒదగని కొత్త ప్యాడ్ దాన్ని దూదిలా పీల్చుకుంటుంది. బ్రేక్ క్లీనర్‌తో డిస్క్ తుడిచాం. ప్యాడ్లు ఉప్పు కాగితం మీద రుద్దాం. కొంత నయమైంది గానీ, జిడ్డు లోపలికి ఇంకితే ప్యాడ్ మళ్లీ నమ్మదగ్గది కాదు. వాడికి ఇంకో జత కొనక తప్పలేదు. చూశారా, ఆఖరికి మార్చాల్సింది ప్యాడ్లే అయింది. అయినా తప్పు వాటిది కాదన్న నా వాదన నాది.

కొత్త జత వేయడానికి క్యాలిపర్ విప్పినప్పుడు ఊరికే కింది పిన్ను లాగి చూశాను. రాలేదు. నూనె వేసి, మెలితిప్పి, పావుగంట కుస్తీ పడితే బయటికొచ్చింది. రబ్బరు తొడుగు చిరిగిపోయి, పిన్ను సగం దాకా ఎర్రగా తుప్పు పట్టి ఉంది. మొదట అరిగిపోయిన జత చూసుంటే ఇది ఎప్పుడో తెలిసేది. అవి ఎక్కడున్నాయని అడిగితే, షాపులోనే వదిలేశానన్నాడు.